కారణాలు తెలుపబడవు

"నువ్వే అడ్డుపడ్డావు. కన్నదాన్ని, నాకు తెలీదూ నీ సంగతి?"

పెద్దావిడ గొంతు పెంచలేదు. అందుకే అందరికీ భయం వేసింది. పొద్దున ఆ ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఆవిడ ఇల్లు పీకి పందిరేస్తుందని కాచుకున్నారు. ఆవిడ మాత్రం బల్ల ముందు నిటారుగా కూర్చుని, కాగితాన్ని అరచేత్తో సాపుచేస్తూ, కూతురి ముఖంలోకే చూస్తోంది.

"అమ్మా, నేను ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడలేదు," అంది డాక్టరు.

"ఆస్పత్రిలో సగంమంది నీ చేతికింద పెరిగినవాళ్లు. నువ్వు మాట్లాడాలా? కనుబొమ్మ ఎగరేస్తే చాలదూ?"

ఉత్తరంలో ఉన్నవి రెండే వాక్యాలు. 'మీ కుటుంబం తరఫున ముందుకు వచ్చిన దాత నుంచి కాలేయ మార్పిడి జరపడానికి వీలుపడదని కమిటీ నిర్ణయించింది. కారణాలు తెలుపబడవు.' కింద సంతకం, ముద్ర.

ఆ దాత ఇరవై మూడేళ్ల పిల్ల, డాక్టరుకి ఒక్కగానొక్క కూతురు. కాలేయం కావలసింది పక్కగదిలో పడుకున్న మేనమామకి. నెల రోజులు పరీక్షలు జరిగాయి. రక్తం కలిసింది, కొలతలు కలిశాయి, గురువారం ఆపరేషన్ అని తేదీ కూడా చెప్పారు. ఇవాళ సోమవారం.

మరదలు పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది. పాలు పొంగి కారిపోతున్నా కట్టెయ్యడం లేదు. భర్తని తీసుకుని, అత్తగారిని వెంటబెట్టుకుని, ఆస్పత్రికి దగ్గరని ఈ ఇంటికి వచ్చి మూడు నెలలయింది. ఆ మూడు నెలల్లో ఆమె నోరు విప్పి అడిగిందేమీ లేదు.

"వదినా," అంది ఇప్పుడు. "పోనీ, ఇంకోసారి అడిగితే? మనుషులు చేసే పరీక్షలేగా, ఎక్కడో పొరపాటు జరిగి ఉండొచ్చు."

"అడిగినా చెప్పరమ్మాయ్. ఎవరడిగినా చెప్పరు."

"ఎందుకు చెప్పరు?"

జవాబు పెద్దావిడ ఇచ్చింది.

"ఎందుకంటే, ఆ రూలు రాసింది మీ వదినే గనక."

నిజమే. పదకొండేళ్ల కిందట ఆ రూలు కోసం ఆమె ఏడాదిపాటు కమిటీలతో పోట్లాడింది. దానికి ముందు ఒక దాత, ఆపరేషన్ బల్ల మీద, మత్తు ఇవ్వబోయే క్షణంలో నర్సు చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. నాకు ఇష్టం లేదు, మా ఇంట్లోవాళ్లకి మాత్రం చెప్పకండి అన్నాడు. జబ్బయినా, భయమయినా, మనసు మారినా అందరికీ ఒకే ఉత్తరం వెళ్లాలని ఆ రోజు నుంచి ఆమె పట్టుబట్టింది. ఆ రెండు వాక్యాలూ ఆమె చేత్తో రాసినవే. ఎవరి మీదా వేలు చూపించలేని ఉత్తరం అని అప్పట్లో అందరూ మెచ్చుకున్నారు.

ఇవాళ వేలు తిన్నగా ఆమె మీదికే వచ్చింది.

"నీ కడుపుతీపి నీకుంది, కాదన్ను," అంది పెద్దావిడ. "మరి నాది కడుపు కాదా? నీ కూతురికి పొట్టమీద ఒక గీత పడుతుంది. నా కొడుకు మొత్తానికే పోతాడు. ఈపాటి తూకం తెలీదా, ఇంత చదువుకీ?"

"గీత ఒక్కటే కాదమ్మా..."

"చూశావా! నోటంట వచ్చేసింది."

డాక్టరు నాలిక కరుచుకుంది. పక్కగదిలో దగ్గు వినిపించి ఆగిపోయింది. గోడకి అవతల మనిషి అంతా వింటున్నాడని ముగ్గురికీ తెలుసు. అయినా ఎవరూ గొంతు తగ్గించలేదు.

*

కూతురు వెనక మెట్లమీద కూర్చుని ఉంది. స్కూల్లో పిల్లలకి ఆటలు నేర్పే ఉద్యోగం. ఆపరేషన్ కోసం మూడు నెలలు సెలవు పెట్టుకుని, మొన్న శనివారమే పిల్లలందరి దగ్గరా వీడ్కోలు తీసుకుని వచ్చింది.

డాక్టరు పక్కనే కూర్చుంది. పొద్దున్నుంచీ ఒక మాట లోపల్లోపలే దాచుకుని ఉంది. అది చెప్పడానికి ఇదే సమయమనుకుంది.

"నువ్వు వద్దన్నావని నేనేమీ అనుకోను. ఎవరికీ చెప్పను కూడా. మామయ్య మీద ప్రేమ లేక కాదు, నాకు తెలుసు. భయం వేస్తుంది ఎవరికైనా. ఆ రూలు ఉన్నదే నీలాంటివాళ్ల కోసం."

పిల్ల తల తిప్పి తల్లిని వింతగా చూసింది.

"నాలాంటివాళ్లంటే? పిరికివాళ్లా?"

"అది కాదు..."

"నేను వద్దనలేదమ్మా. ఆ సలహాదారు డాక్టరమ్మ నన్ను మూడుసార్లు ఒంటరిగా కూర్చోబెట్టి అడిగింది. మూడుసార్లూ సరేనన్నా. మూడోసారి ఆవిడకే విసుగొచ్చింది."

డాక్టరుకి ఇంకో భయం పట్టుకుంది. వద్దనలేదు. అయితే ఒంట్లోనే ఏదో కనిపించింది. బిడ్డ కాలేయంలో ఏదో ఉంది. భర్త పోయి ఆరేళ్లు. ఈ పిల్ల తప్ప తనకింకెవరూ లేరు.

ఆ భయం ముఖంలో కనిపించిందేమో, పిల్ల పక్కనున్న కవరు తీసి ఒళ్లో పడేసింది.

"చూసుకో. ఇందాకే వెళ్లి తెచ్చుకున్నా. నా రిపోర్టులు నాకు ఇవ్వాలిగా, అదీ నీ రూలేగా."

డాక్టరు కాగితాలన్నీ చదివింది. ఒక్కొక్క అంకె దగ్గరా ఆగి చదివింది. ఇరవై ఆరేళ్లుగా ఆమె చూసిన కాలేయాల్లో ఇంత శుభ్రమైనది తక్కువ.

"ఏమీ లేదు," అంది.

"అవును, ఏమీ లేదు. నేను వద్దనలేదు, నా ఒంట్లో ఏమీ లేదు. మరి ఎవరు ఆపారమ్మా?"

"నాకు తెలీదు."

"నా కళ్లలోకి చూసి చెప్పు."

"తెలీదమ్మా. నేను ఆపలేదు." కళ్లలోకి చూసే చెప్పింది.

పిల్ల చాలాసేపు చూసింది. నమ్మాలని ఉంది, నమ్మకం కుదరడం లేదు. చివరికి తలూపింది. "సరే. నమ్ముతున్నా," అంది. లేచి లోపలికి వెళ్లిపోయింది.

*

కాలేయాల చదువులోకి డాక్టరు వచ్చింది తమ్ముడి వల్లే. అప్పుడు ఆమెకి ఇరవై ఆరు, వాడికి పద్దెనిమిది. ఒక పొద్దున అద్దంలో చూసుకుని, "అక్కా, నా కళ్లు పచ్చగా ఉన్నాయేంటి?" అన్నాడు. పైత్యరసం పారే సన్నని నాళాలు ఏటికేడాదీ మూసుకుపోయే జబ్బు. మందు లేదన్నారు. కంటి డాక్టరు కాబోయే మనిషి ఆ వారమే దరఖాస్తు మార్చుకుంది. మందు నేను కనిపెడతానంది.

కనిపెట్టలేకపోయింది. నేలమాళిగలో కిటికీల్లేని ప్రయోగశాలలో ఆరేళ్లు గడిపింది. అక్కడే ఒకసారి రక్తం ఉన్న గాజుగొట్టం చేతిలో పగిలి, తొడుగు చీలి, కాలేయానికి పట్టే వైరస్ ఒకటి ఆమెకి అంటుకుంది. ఇరవై ఏళ్లుగా మాత్రలతో దాన్ని అణచిపెడుతోంది. అందుకే ఇవాళ తమ్ముడికి ఆమె ఇవ్వలేకపోతోంది. మరదలి రక్తం కలవలేదు. పెద్దావిడకి వయసు దాటిపోయింది. చనిపోయినవాళ్ల నుంచి వచ్చే కాలేయాల కోసం ఎదురుచూసే జాబితాలో తమ్ముడిది నలభై ఏడో పేరు.

మందు దొరకదని తేలాక ఆమె మార్పిడి వైపు తిరిగింది. ఇచ్చేవాళ్ల గురించి ఎవరూ పట్టించుకోవడం లేదని గమనించింది. సగం కాలేయం కోసి ఇచ్చినవాళ్లని ఇంటికి పంపి మరిచిపోతున్నారు. పందొమ్మిదేళ్లపాటు ప్రతి దాతకీ ఏటా తనే ఫోన్ చేసింది. మొత్తం ఆరువందల పదకొండుమంది. బరువులెత్తగలుగుతున్నారా, నిద్ర పడుతోందా, ఇచ్చినందుకు ఎప్పుడైనా బాధపడ్డారా అని అడిగింది. ఆమె పేరు నలుగురికీ తెలిసింది ఆ పనివల్లే.

అందుకే సలహాదారు గదిలో కుర్చీ లాక్కుని కూర్చుంటుంటే ఆమెకి సిగ్గేసింది. దాతల పక్షాన నిలబడి, వాళ్లతో ఒంటరిగా మాట్లాడే ఈ ఉద్యోగాన్ని పెట్టించింది తనే. అందులో కూర్చున్నది తన శిష్యురాలే.

"మేడమ్, మీరు రాకుండా ఉంటే బాగుండేది," అంది శిష్యురాలు.

"మా అమ్మాయి వద్దనలేదు. రిపోర్టుల్లో ఏమీ లేదు. ఆపింది ఎవరు?"

"మేడమ్."

"డాక్టరుగా అడగడం లేదు. అక్కగా అడుగుతున్నా. వాడు చచ్చిపోతాడు."

"ఈ కుర్చీలో చేరిన మొదటిరోజు మీరు నాకో మాట చెప్పారు, గుర్తుందా? తల్లి అడుగుతుంది, తండ్రి కాళ్లు పట్టుకుంటాడు, రేపు నేనే వచ్చి అడగొచ్చు, నాక్కూడా చెప్పకు అన్నారు." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆరోజు నవ్వాను మేడమ్. మీరెందుకు వస్తారులే అనుకున్నాను."

డాక్టరు ఇక అడగలేదు. బల్లమీద ట్రేలో ఖాళీ అంగీకార పత్రాల కట్ట ఉంది. తను తయారుచేసిన ఫారమే. ఏమీ తోచక దాన్ని చూస్తూ ఉండిపోయింది. అడుగున సంతకాలకి రెండు గీతలున్నాయి. ఎడమవైపు ఇచ్చేవారు. కుడివైపు పుచ్చుకునేవారు.

కుడివైపు గీత మీద ఆమె చూపు నిలిచిపోయింది.

శిష్యురాలు చప్పున ట్రేని తనవైపు లాక్కుంది. కానీ అప్పటికే ఆలస్యమైంది.

*

ఇంటికొచ్చేసరికి నాలుగయింది. తమ్ముడి గదిలో ఎండ కాళ్లమీదిదాకా వచ్చింది. పుస్తకాల అచ్చుప్రూఫులు దిద్దడం వాడి పని. మంచానపడ్డా మానలేదు. గుండెలమీద నాలుగు కాగితాలు పరిచి ఉన్నాయి. రక్తంలో చేరిన పైత్యానికి ఒళ్లంతా దురద. చెక్క స్కేలుతో వీపు గోక్కుంటున్నాడు.

డాక్టరు తలుపు దగ్గరగా వేసింది.

"నువ్వేనా సంతకం పెట్టనన్నది?"

వాడు స్కేలు పక్కన పెట్టాడు. "నీ శిష్యురాలు చెప్పేసిందా? గట్టిదనుకున్నానే."

"అది చెప్పలేదు. ఎందుకు చేశావురా?"

"కూర్చో ముందు. నువ్వలా నిలబడితే ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినట్టుంది."

ఆమె నవ్వలేదు. మంచం అంచున కూర్చుంది. వాడి ముఖం పసుపు రంగు దాటి, ఎండిన ఆకు రంగులోకి తిరుగుతోంది.

"దాతల మీద నువ్వు రాసిన పెద్ద వ్యాసం ప్రూఫులు దిద్దింది నేనే కదా," అన్నాడు. "అందులో ఒక పట్టిక ఉంది. చివరి వరసలో 'మరణం: ఒకటి' అని ఉంది. ఆ అంకె పక్కన ఎర్ర సిరాతో గీత గీసి, 'సరిచూడండి' అని రాసి పంపాను. నువ్వు 'సరిగానే ఉంది' అని తిప్పి పంపావు."

"గుర్తుంది."

"తరవాత అడిగితే చెప్పావు. అన్నకి ఇచ్చిన చెల్లెలనీ, ఇరవై నాలుగేళ్లనీ. నాలుగో రోజు నీతో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయిందన్నావు. నాకు అదే పట్టుకుంది అక్కా. మిగతా అంకెలన్నీ మరిచిపోయాను."

"ఆరువందల పదిమంది బాగున్నార్రా. పిల్లల్ని కన్నారు, పరుగులు పెడుతున్నారు. ఒక్కరు..."

"ఆ ఒక్కరు మన పిచ్చుక కాదని రాసిస్తావా?"

మేనకోడల్ని అది పుట్టినప్పటి నుంచీ వాడు పిచ్చుక అనే పిలుస్తాడు. డాక్టరు నోరు తెరిచింది. ఎన్ని సభల్లో, ఎన్ని కుటుంబాల ముందు ఆమె ఈ ప్రశ్నకి జవాబు చెప్పింది! ప్రమాదం ఉంది, కానీ తక్కువ అని ఎంత నిబ్బరంగా చెప్పేది! ఇప్పుడు ఆ మాట గొంతు దాటి రాలేదు.

"ఆ అన్న బతికే ఉన్నాడుగా?" అన్నాడు తమ్ముడు. "ఏటా ఫోన్ చేస్తాడన్నావు. ఏం మాట్లాడతాడు?"

"ఏమీ మాట్లాడడు. 'ఉన్నానండీ' అంటాడు. పెట్టేస్తాడు."

"ఆ ఫోను నేను చెయ్యలేనక్కా."

బయట ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు. డాక్టరు తల దించుకుంది. ఆమె లోపల, ఎవరికీ కనిపించనిచోట, పొద్దున్నుంచీ బిగుసుకున్న ముడి ఒకటి వదులైంది. నా బిడ్డ బల్ల ఎక్కదు. ఆ ఆలోచన వచ్చినందుకు తన ఒళ్లు తనకే రోత పుట్టింది. ఎదురుగా తను ఎత్తుకు పెంచిన తమ్ముడు చచ్చిపోతున్నాడు.

"ఎన్నాళ్లుంది నాకు? లెక్క నీదేగా," అన్నాడు వాడు.

"చెప్పమంటావా?"

"వద్దులే."

ఆమె లేచింది. "అమ్మకి చెప్తాను. నీ భార్యకి చెప్తాను. అందరం కూర్చుని నిన్ను ఒప్పిస్తాం. గురువారం ఇంకా రానేలేదు."

"చెప్పకు." వాడు ఆమె చీర చెంగు పట్టుకున్నాడు. వేళ్లలో బలం లేదు. "నా భార్యకి తెలిస్తే ఒకటే అడుగుతుంది. నాకోసమైనా బతకాలనిపించలేదా అంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు. అమ్మయితే అసలు తట్టుకోలేదు. నా కొడుకు కావాలనే పోయాడు అనుకుంటూ ఎన్నేళ్లు బతుకుతుంది?"

"మరి నేను ఆపాననుకుంటే బతుకుతుందా?"

"బతుకుతుంది. కోపానికి ఒక మనిషి కావాలక్కా. పోయినవాడి మీద కోపం నిలవదు. నువ్వుంటావుగా."

"ఎంత తేలిగ్గా అడుగుతున్నావురా!"

"తేలిగ్గా అడగడం లేదు." వాడు చెంగు వదల్లేదు. "కారణాలు తెలుపబడవు అని రాశావు. అది ఇచ్చేవాళ్లకేనా? పుచ్చుకోనివాడికి లేదా?"

ఆమె చెంగు విడిపించుకోలేదు. ఏదో అనబోయింది.

తలుపు తెరుచుకుంది.

పెద్దావిడ లోపలికి వచ్చింది. పొద్దుటి బింకం లేదు. కొడుకు వైపు చూడకుండా తిన్నగా కూతురి దగ్గరికి వచ్చి, రెండు చేతులూ పట్టుకుంది.

"పొద్దున నోటికొచ్చినట్టు అన్నాను. ముసలిదాన్ని, మనసులో పెట్టుకోకు," అంది. "ఒక్కటే అడుగుతా, నిజం చెప్పు. ఆపింది నువ్వు కాకపోతే, నేను వెళ్లి ఆ కమిటీ వాళ్ల కాళ్లమీద పడతాను. వాళ్ల గుమ్మం దగ్గరే కూర్చుంటాను, ఎందుకో చెప్పేదాకా లేవను. ఒకవేళ నువ్వే అయితే, నేనేమీ అనను తల్లీ. ఆ మాట వెనక్కి తీసుకో. అంతే."

తమ్ముడు అక్క వైపు చూశాడు. ఆ పచ్చని కళ్లలో అంత భయం ఆమె ఎప్పుడూ చూడలేదు. చావంటే కూడా వాడు అంత భయపడలేదు.

ఎనభై ఏళ్ల తల్లి ఆస్పత్రి గుమ్మంలో నేలమీద కూర్చుని, లోపలికి వెళ్లేవాళ్లందరినీ ఎందుకని అడుగుతూ ఉండడం డాక్టరుకి కళ్లకి కట్టినట్టు కనిపించింది.

"నేనే అమ్మా," అంది.

పెద్దావిడ చేతులు వదల్లేదు. అర్థం కానట్టు చూసింది.

"నేనే ఆపించాను. నా కూతుర్ని బల్లమీద పడుకోబెట్టలేను."

"వెనక్కి తీసుకో."

"తీసుకోను."

ఒక్కొక్క వేలే విడిపోయింది. పెద్దావిడ రెండడుగులు వెనక్కి వేసి గోడ పట్టుకుంది. తిడుతుందేమోనని డాక్టరు ఎదురుచూసింది. కొట్టినా బాగుండుననిపించింది. ఆవిడ గుమ్మం వైపు తిరిగి కోడల్ని కేకేసింది.

"అమ్మాయ్! బట్టలు సర్దు. వీణ్ణి ఈ ఇంట్లో ఒక్క పూట ఉంచను."

"అమ్మా, వాడికి మళ్లీ జ్వరం వస్తే రెండు గంటల్లో ఆస్పత్రిలో ఉండాలి. అంతదూరం నుంచి..."

"వాడి జ్వరం మాట నీ నోటంట రాకూడదు."

"అమ్మా, ఆగు..." అన్నాడు తమ్ముడు. లేవబోయాడు. మోచేతులు ఆనలేదు. గుండెలమీది ప్రూఫు కాగితాలు జారి మంచం కింద చెల్లాచెదురయ్యాయి. పెద్దావిడ వంగి వాడి నుదురు నిమిరింది. "నువ్వు మాట్లాడకు నాన్నా, ఆయాసం వస్తుంది," అంది.

వాడు మాట్లాడలేదు. అక్క వైపు కూడా చూడలేదు.

డాక్టరు తల తిప్పింది. గుమ్మంలో కోడలు లేదు. కూతురు నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో తెలీదు. చేతిలో మామయ్య మందుల సంచి ఉంది.

"మెట్లమీద నా కళ్లలోకి చూసి చెప్పావు," అంది పిల్ల.

మంచంమీద మనిషి కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

పిల్ల సంచి భుజానికి తగిలించుకుంది. తల్లిని దాటుకుని వచ్చి, మంచం పక్కనున్న ముసలావిడ చెయ్యి పట్టుకుంది.

"పద అమ్మమ్మా. నేనూ మీతోనే వస్తున్నా."